మురిగే నిధులు, మూసిన తలుపులు

కేటాయింపు 858 కోట్ల రూపాయలు, ఖర్చు 7 కోట్ల 22 లక్షలు. కేంద్ర పర్యావరణ శాఖ కాలుష్య నియంత్రణ పథకం 2024-25 పద్దు 2025 జనవరి 21 నాటికి ఉన్న తీరు ఇది. ఆర్థిక సంవత్సరం ముగియడానికి పట్టుమని పది వారాలు లేవు. నూటికి రూపాయైనా కదల్లేదు. అంతకు రెండు నెలల ముందే ఢిల్లీలో గాలి పీల్చలేనంతగా చెడిపోయి బడులు ఆన్‌లైన్‌కు మారాయి. శాఖ వార్షిక సొమ్ములో నాలుగో వంతుకు పైబడిన ఈ మొత్తం మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

ఈ లెక్కను బయటపెట్టింది పర్యావరణ శాఖను పరిశీలించే పార్లమెంటరీ స్థాయీ సంఘం. దానికి అప్పటి అధ్యక్షుడైన భువనేశ్వర్ కలితా అధికార బీజేపీ సభ్యుడే కాబట్టి ప్రతిపక్షం గిట్టక చేసిన ఆరోపణ అని కొట్టిపారేయడానికి లేదు. ఖర్చు చూసి నివ్వెరపోయామని సంఘం నివేదికలోనే రాసింది, ఆత్మపరిశీలన చేసుకోమని శాఖకు చెప్పింది. శాఖ సంజాయిషీ చిన్నది: పథకాన్ని 2025-26 దాకా కొనసాగించడానికి ఆమోదం ఇంకా రాలేదు. ఆమోదం అడగాల్సింది ప్రభుత్వం, ఇవ్వాల్సిందీ ప్రభుత్వమే. మధ్యలో ఏడాది గడిచిపోయింది.

దీని దెబ్బ ఎక్కడ తగులుతుందో చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో 130 నగరాలున్నాయి. వాటిలో 13 ఆంధ్రప్రదేశ్‌వి, నాలుగు తెలంగాణవి. జనాభా పది లక్షలు దాటిన హైదరాబాద్, విజయవాడ, విశాఖ వంటి నగరాలకు 2025-26 దాకా 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లు కేటాయించారు. మిగిలిన చిన్న నగరాలకు దిక్కు పర్యావరణ శాఖ పద్దే. అంటే ఢిల్లీ ఫైళ్ల జాప్యానికి ఒంగోలు, కర్నూలు, నల్గొండ మూల్యం చెల్లిస్తాయి. ఆ ఊళ్ల గాలి గురించి టీవీ చర్చలు జరగవు కాబట్టి ఆ మూల్యం ఎవరికీ కనపడదు.

నిధులు మురిగిపోవడం ఒక జబ్బు. దారి తప్పడం ఇంకొకటి. 2010 జులైలో ప్రణబ్ ముఖర్జీ బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సెస్సు వేసి, దాని కోసం జాతీయ స్వచ్ఛ ఇంధన నిధిని ఏర్పాటు చేశారు. అరుణ్ జైట్లీ దాన్ని 100, 200, 400 దాకా పెంచుకుంటూ పోయారు. యూనిట్ కరెంటుకు ఆరేడు వందల గ్రాముల బొగ్గు కాలుతుంది; టన్నుకు 400 అంటే యూనిట్‌కు పాతిక పైసల చిల్లర. రామగుండంలోనో సింహాద్రిలోనో పుట్టిన కరెంటుతో ఫ్యాను తిప్పుకున్న ప్రతి ఇల్లూ ఏదో రూపంలో దాన్ని కట్టింది. 2017-18 వరకు వసూలైంది 86 వేల కోట్లకు పైమాటే. అందులో నిధికి చేరింది 29 వేల కోట్ల పైచిలుకు. నిధి నుంచి ప్రాజెక్టులకు అందింది 16 వేల కోట్ల లోపు.

మిగిలింది ఎవరి జేబులోకీ పోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల ఆదాయ నష్టాన్ని పూడ్చడానికి మళ్లించారు. 2017 జులై నుంచి అదే 400 రూపాయలు పరిహార సెస్సుగా పేరు మార్చుకుంది. 2025 సెప్టెంబరులో దాన్నీ ఎత్తేసి, బొగ్గుపై జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. సెస్సు సొమ్ము నిధికి పూర్తిగా చేరడం లేదని కాగ్ ఎత్తిచూపింది. అయినా, కాలుష్యం పేరు చెప్పి జనం దగ్గర తీసుకున్న డబ్బును వేరే పనికి వాడుదామా వద్దా అన్న ప్రశ్న మీద సభ ఓపిగ్గా కూర్చుని మాట్లాడిన రోజు లేదు. మళ్లింపు తప్పో ఒప్పో తేల్చుకునే అవకాశమే పౌరుడికి దక్కలేదు, అసలు అభ్యంతరం అక్కడ.

వాతావరణ మార్పును తట్టుకునే జాతీయ నిధిదీ కొంచెం అటూ ఇటుగా అదే కథ. 2015లో నాబార్డు చేతికిచ్చి మొదలుపెట్టారు. మహబూబ్‌నగర్ జిల్లా రైతు కుటుంబాలకు ఒక ప్రాజెక్టు, ఆంధ్రలో కోస్తా, మెట్ట ప్రాంతాల పాడి పరిశ్రమకు మరొకటి వచ్చాయి. 2022 నవంబరులో దాన్ని పథకాల జాబితాలోంచి తీసేశారు. మన పత్రికల్లో అది వార్త కూడా కాలేదు.

ఇక రవాణా. పట్టణాభివృద్ధి వ్యవహారాల స్థాయీ సంఘం 2022లో మెట్రో రైళ్ల మీద ఇచ్చిన నివేదికలో హైదరాబాద్ గురించి ఓ లెక్క ఉంది. రోజుకు 19 లక్షల మంది ఎక్కుతారని అంచనా, 2020-21లో ఎక్కింది సగటున 65 వేలు. అది కరోనా సంవత్సరం, కాబట్టి ఆ అంకెను పట్టుకుని మెట్రోను ఎద్దేవా చేయడం అన్యాయం. తర్వాత రద్దీ నాలుగున్నర లక్షలు దాటింది. కానీ 19 లక్షల పక్కన పెడితే ఆ నాలుగున్నర కూడా నాలుగో వంతే. సంఘం అడిగింది సరిగ్గా అదే: సమగ్ర ప్రాజెక్టు నివేదికల్లో ప్రయాణికుల సంఖ్యను ఎందుకింత ఉబ్బించి రాస్తున్నారు? స్టేషన్ దిగాక ఇంటికి చేరే దారేది, బండి పెట్టుకునే చోటేది?

ప్రశ్న వేసిన మూడేళ్లకు, 2025లో, హైదరాబాద్ మెట్రో నుంచి తప్పుకోవడానికి ఎల్ అండ్ టీ సిద్ధపడింది, అప్పుతో సహా దాన్ని తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం ఒప్పుకుంది. ఈలోగా హైదరాబాద్ రెండో దశ, విశాఖ, విజయవాడ మెట్రోల ప్రతిపాదనలు ఢిల్లీ చేరాయి. వాటిలోనూ ప్రయాణికుల అంచనాలున్నాయి. ఆ అంచనాలను 2022 నివేదికతో పోల్చి చూసే బాధ్యత చట్టప్రకారం ఎవరిమీదా లేదు. స్థాయీ సంఘాల సిఫార్సులు ప్రభుత్వానికి సలహాలు మాత్రమే. మూడు నెలల్లో బదులివ్వాలి, ఇస్తారు కూడా. ‘గమనించాం’ అన్నంత మాత్రాన బదులు ఇచ్చినట్టే లెక్క.

ఎలక్ట్రిక్ బస్సులను చూస్తే ఇంకో చిక్కు తెలుస్తుంది. 2023 ఆగస్టులో ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ కింద పది వేల బస్సులు, కేంద్రం వాటా 20 వేల కోట్లు. అది పట్టణాభివృద్ధి శాఖది. 2024లో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ కింద మరో 14,028 బస్సులు, వాటిలో హైదరాబాద్ వాటా రెండు వేలు. అది భారీ పరిశ్రమల శాఖది. మొదటి పథకం బస్సులకు ఆర్టీసీ బిల్లు కట్టకపోతే ఆపరేటర్‌కు హామీ ఉండే ఏర్పాటు కూడా భారీ పరిశ్రమల శాఖ చేతిలోనే ఉంది. చార్జింగ్‌కు కరెంటు విద్యుత్ శాఖ సంగతి, నడిచే రోడ్డు రవాణా శాఖ సంగతి, పొగ తగ్గిందో లేదో చూడటం పర్యావరణ శాఖ పని. ఒక్కో శాఖను ఒక్కో స్థాయీ సంఘం చూస్తుంది. మెహిదీపట్నంలో ఆగిన ఒక్క బస్సు వెనక అయిదు సంఘాల పరిధులున్నాయన్నమాట. ఏనుగు చుట్టూ గుడ్డివాళ్ల కథలో కనీసం అందరూ ఒకే ఏనుగు దగ్గర నిలబడ్డారు.

శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993లో 17గా మొదలై 2004లో 24 అయ్యాయి. వాతావరణం మీద పెట్టే ఖర్చును అన్ని శాఖలనూ కలిపి చూసేది వాటిలో ఒక్కటీ లేదు. బ్రిటన్‌లో 1997 నుంచి పర్యావరణ ఆడిట్ సంఘం ఆ పని చేస్తోంది. ఏ శాఖ అధికారినైనా పిలిచి అడుగుతుంది, ఆ విచారణను జనం చూడొచ్చు. మన దగ్గర సాక్ష్యం చెప్పేటప్పుడు తలుపులు మూసి ఉంటాయి. కెమెరాలు లేకపోతేనే సభ్యులు పార్టీ గీత దాటి నిజాయితీగా మాట్లాడతారన్న వాదనలో పస ఉంది. సభ్యులు తమలో తాము చర్చించుకునేటప్పుడు తలుపులు మూసుకోవచ్చు. ‘డబ్బు ఎందుకు ఖర్చు కాలేదు’ అని కార్యదర్శిని అడిగే అరగంటలో దాచాల్సింది ఏముంది?

బహిరంగ విచారణ మంత్రదండం ఏమీ కాదు. లండన్ నుంచి ఉత్తరాదికి వేయదలచిన హెచ్‌ఎస్2 హైస్పీడ్ రైలుపై బ్రిటన్ ప్రజా పద్దుల సంఘం ఏళ్ల తరబడి అధికారులను అందరి ముందే నిలదీసింది. ఖర్చు ఆగలేదు. 2023 అక్టోబరులో నాటి ప్రధాని రిషి సునాక్ బర్మింగ్‌హామ్-మాంచెస్టర్ భాగాన్ని రద్దు చేశారు. అయితే అక్కడి ఓటరు డబ్బు పోతున్నప్పుడే పోతోందని తెలుసుకున్నాడు.

మన ప్రజా పద్దుల సంఘానికీ మంచి సంప్రదాయం ఉంది. 1967 నుంచి పార్లమెంటులో దాని పీఠం ప్రతిపక్షానిది. తెలుగు రాష్ట్రాల శాసనసభల్లో ఆ సంఘానికి 2024లో ఏం జరిగిందో చూశాం. తెలంగాణలో బీఆర్‌ఎస్ టికెట్‌పై గెలిచి కాంగ్రెస్‌కు దగ్గరైన అరికెపూడి గాంధీకి ఆ పదవి ఇచ్చారు, వీధిలో గొడవ దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్‌సీపీ ఎన్నికను బహిష్కరించింది, పీఠం అధికార కూటమిలోని జనసేన సభ్యుడు పులపర్తి రామాంజనేయులుకు దక్కింది. కుర్చీ గురించి రాసిన వార్తల్లో వందో వంతైనా ఆ సంఘాలు పరిశీలించాల్సిన పద్దుల గురించి రాలేదు.

ఢిల్లీలో మనవాళ్లకు పదవుల కొరత లేదు. రవాణా సంఘానికి టీజీ వెంకటేశ్, ఆయన తర్వాత విజయసాయిరెడ్డి అధ్యక్షులుగా పనిచేశారు. 18వ లోక్‌సభలో పట్టణాభివృద్ధి సంఘాన్ని మాగుంట శ్రీనివాసులురెడ్డికి, రైల్వే సంఘాన్ని సీఎం రమేశ్‌కు అప్పగించారు. విశాఖ, విజయవాడ మెట్రోలు, ఈ-బస్ సేవ, కొత్త రైల్వే జోన్... ఇవన్నీ ఆ రెండు బల్లల మీదికే వస్తాయి. పదవి వచ్చిన రోజు పుష్పగుచ్ఛాల ఫొటోలు వేసిన పత్రికలు, ఆ సంఘాల నివేదికలు సభ ముందుకు వచ్చిన రోజు కూడా అంత స్థలం కేటాయిస్తే బాగుండు.

సభ సంగతీ అంతే. 2019 నుంచి 2023 మధ్య కేంద్ర బడ్జెట్‌లో సగటున 80 శాతం చర్చ లేకుండానే ఆమోదం పొందిందని పీఆర్‌ఎస్ సంస్థ లెక్కగట్టింది. 2023లో మొత్తం బడ్జెటే అలా గట్టెక్కింది. మిగిలిన పద్దులన్నిటినీ చర్చ లేకుండా ఒక్కసారే ఓటుకు పెట్టే ‘గిలటిన్’ పడ్డాక ఏ సంఘం ఏం రాసిందన్నది ఎవరికీ పట్టదు.

స్థాయీ సంఘాల గడువు ఏడాది. మామూలుగా సెప్టెంబరులో కొత్తవి ఏర్పడతాయి, కుదురుకునేసరికి శీతాకాల సమావేశాలు వస్తాయి. పద్దుల మీద సీరియస్ పరిశీలన ఫిబ్రవరి, మార్చి నెలల్లో బడ్జెట్ సమావేశాల మధ్య విరామంలో జరుగుతుంది. నిబంధన ఒక్కటి మార్చినా చాలా తేడా వస్తుంది: కొత్త సంఘం తొలి సమావేశంలోనే సెప్టెంబరు 30 నాటి అర్ధ సంవత్సర ఖర్చును ప్రతి శాఖా సమర్పించాలి, ఆ లెక్క అదే రోజు బహిరంగం కావాలి. 858 కోట్ల సంగతి 2024 అక్టోబరులోనే తెలిసి ఉంటే ఆమోదం తెచ్చుకోవడానికి, ఒంగోలుకో నల్గొండకో వాయిదా పంపడానికి శాఖకు ఇంకా అయిదు నెలలు చేతిలో ఉండేవి.