వాట్సను మందమతియా?

అపరాధ పరిశోధక కథలు చదివే విద్యార్థులందరికీ షెర్లాక్ హోమ్సు కావాలని కోరిక. డాక్టరు వాట్సను కావాలని కోరుకొనేవాడు అరుదు. ఏ విషయమైనా ఆలస్యంగా గ్రహించేవానిని వాట్సనుతో పోల్చి నవ్వడం కూడ కద్దు. ఈ చిన్నచూపు అన్యాయమని నా మనవి.

1887లో వెలువడిన తొలి నవలలో మనకు పరిచయమయ్యే వాట్సను లండను విశ్వవిద్యాలయంలో వైద్యపట్టం పొందినవాడు. ఆఫ్ఘను యుద్ధంలో మైవాండు వద్ద గాయపడిన సైనిక వైద్యుడు. ఇట్టివాడు మందమతి ఎట్లా అవుతాడు? అతనిని విదూషకునిగా లోకానికి చూపినవి 1939 మొదలు 1946 వరకు వచ్చిన హాలీవుడ్ చిత్రాలు; వాటిలో ఆ పాత్రధారి నైజెల్ బ్రూస్. కోనన్ డాయిల్ సృష్టించిన వాట్సను వేరు.

హోమ్సును గురించి డాయిల్ వ్రాసినవి నవలలు, కథలు కలిపి 60. వానిలో 56 వాట్సను చెప్పినవే. 1926లో వచ్చిన రెండు కథలలో మాత్రం హోమ్సే తన కథ తాను చెప్పుకొన్నాడు. వానిలో పూర్వపు రుచి లేదు. రహస్యం ఎరిగినవాడే కథకుడైతే చదువరి వద్ద దానిని దాచిపెట్టక తప్పదు. వాట్సనుకు ఆ అవసరం లేదు. చూచినది చూచినట్లు చెబుతాడు, బోధపడనిదానిని బోధపడలేదంటాడు. మన ఆశ్చర్యానికి మూలం అతని నిజాయితీయే. ఎడింబరోలో జోసెఫ్ బెల్ అనే వైద్యాచార్యుని వద్ద సహాయకుడుగా పనిచేసిన డాయిల్, ఆ గురువును మనసులో ఉంచుకొని హోమ్సును మలచినాడు. తాను కూర్చున్న శిష్యపీఠాన్ని వాట్సనుకు ఇచ్చినాడు.

అయితే వాట్సనుది గ్రుడ్డి విశ్వాసమా? కాదు. మిత్రునికి ఏయే విద్యలు రావో మొదటి నవలలోనే పట్టిక వేసినాడు. 1890 నాటి రెండవ నవలలో హోమ్సు కొకైను సేవిస్తూంటే వైద్యుడుగా మందలించినాడు. ఇక మన విజయనగరం వైపు చూడండి. 1892లో తొలిసారి ప్రదర్శితమైన 'కన్యాశుల్కం'లో గిరీశానికీ ఒక శ్రోత కావలసివచ్చినాడు. గురువు ఉపన్యాసాలు వినడమూ, చుట్ట కాల్చడమూ తప్ప వెంకటేశం నేర్చినది ఏమిటి? వినడం ఇద్దరిలోనూ ఉన్నది. వినినదానిని తూచి చూడడం వాట్సను ఒక్కనిలోనే ఉన్నది. స్నేహానికీ భజనకూ నడుమ గీత అదే.

జపానులో 'మాంగా' అనే బొమ్మల కథలకు గొప్ప ఆదరణ. 2016లో ఆరంభమైన ఒక మాంగాలో హోమ్సు శత్రువైన మోరియార్టీయే కథానాయకుడైనాడు. అంతటి తారుమారులో సైతం హోమ్సు ప్రక్కన వాట్సను స్థానం చెదరలేదు. ఆ స్థానం ఖాళీ అయితే మేధావి మాటలు గోడకు చెప్పినట్లే అవుతాయి గదా!

శ్రీకూర్మం వాసులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పాలకడలిలో గిరగిర తిరిగి అందరి చూపులనూ ఆకర్షించినది మందరగిరి. అది మునిగిపోకుండ అడుగున మోసినది కూర్మం.

ఉపాధ్యాయ మిత్రులారా! మన తరగతులలో మొదటి మార్కు తెచ్చుకొనేవానికి బహుమానం ఉన్నది. లేచి నిలబడి "నాకు అర్థం కాలేదండీ" అని చెప్పేవానికి దక్కేది తరచుగా నవ్వులే. నలభైమంది మనసులలోని సందేహాన్ని ఒక్కడు పైకి అన్నప్పుడు పాఠం మరల మొదలవుతుంది. ఆ రెండవసారే అది అందరికీ అందుతుంది. అట్టివానిని నవ్వుల పాలు చేసిన తరగతిలో మిగిలేవారు గిరీశాలూ వెంకటేశాలూ మాత్రమే.