తుక్కు అనే మాట మీద ఒక తగవు

మొన్న అమలాపురం దగ్గర ఒక పెండ్లి భోజనాల బంతిలో, పదిమంది వింటూండగా, మా మేనల్లుడు "మావయ్యగారూ, ఆ తుక్కును ఇంకా తిప్పుతున్నారాండీ?" అని అడిగినాడు. బంతి బంతంతా నవ్వింది. వడ్డన నడుమ వాదము పెట్టుకొనుట మర్యాద కాదని ఊరకున్నానే గాని చెప్పవలసినది లేక కాదు. ఆ బాకీ ఇక్కడ తీర్చుకొంటున్నాను. మిత్రులు ఓపిక పట్టవలెను.

నా బండి 1990 నాటి ఆంబాసిడరు. 2001లో చేతులు మారినదే కొన్నాను. పంతులు జీతానికి కొత్తది అందేది కాదు. అప్పటినుంచి కాలువగట్ల మీద, రావులపాలెం మార్గాన, గోదావరి వంతెనలు దాటుకొంటూ తిరుగుతూనే ఉన్నది. ఉదయము నన్ను బడ్డీకొట్టు దాకా మోసి తిరిగి ఇంటికి చేర్చిన వస్తువును తుక్కు అనుట భాషాదోషము. తుక్కు అనగా ఇక దేనికీ కొరగానిది. ముసలిది వేరు, కొరగానిది వేరు. నేనూ పదవీ విరమణ చేసినవాడనే, ఈ భేదము నాకు కొంచెము పట్టింపు.

పోనీ చట్టమేమంటున్నది? 2021లో కేంద్రము ప్రకటించిన తుక్కు విధానములో సొంత బండిని వయసు చూసి చంపమని లేదు. ఫిట్‌నెస్ పరీక్షలో నిలువనిదే కాలము తీరినదని ఉన్నది. ఢిల్లీ ప్రాంతములో పెట్రోలు బండికి పదిహేనేళ్ళు, డీజిలుకు పదేళ్ళు అని హద్దు పెట్టిన మాట నిజమే. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ నుంచి రిజిస్ట్రేషను లేదు, అదీ నిజమే. ఇవి రెండూ నా బండికి వర్తించవు. అయినా మనవాళ్ళు చట్టము కంటె ముందే తీర్పు చెప్పేస్తారు.

నాకు కోపము వచ్చేది రుసుము దగ్గర. పాత కారుకు మళ్ళీ రిజిస్ట్రేషను చేయించుటకు 600 రూపాయలు ఉండేది. 2022 ఏప్రిల్‌లో 5,000 చేసినారు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటినవాటికి 10,000 చేసినారు. పరీక్ష కఠినము చేయండి, తలవంచుతాను. బ్రేకు పట్టకపోతే, చట్రము తుప్పు తింటే నిలిపివేయండి. కాని చక్కగా కాపాడుకొన్నవానికీ గాలికి వదిలినవానికీ ఒకే జరిమానా ఏమి న్యాయము? వయసుకు వేసిన పన్ను శ్రద్ధకు వేసిన పన్నే అవుతున్నది.

"కొత్తవాటిలో కుదుపు ఉండదు కదండీ" అన్నాడు మేనల్లుడు. కుదుపు మాట ఎత్తినాడు గనుక చెప్తాను. కుదుపు లేని కారు అంటే లోకము తలచుకొనేది ఫ్రాన్సు వారి సిత్రోయెన్ డీఎస్‌ను. 1955లో పారిస్ ప్రదర్శనలో పెట్టినారు. పాల్ మజెస్ అనే ఇంజినీరు కల్పన అది. దానికి స్ప్రింగులే లేవు. ప్రతి చక్రానికీ ఒక ఉక్కు గోళము. నడుమ రబ్బరు పొర. ఒకవైపు నైట్రోజన్ వాయువు, మరొకవైపు నూనె. గుంటలో పడినపుడు నూనె వాయువును నొక్కుతుంది, వాయువు తిరిగి తోస్తుంది. బరువెంత ఎక్కినా కారు నేలకు ఒకే ఎత్తున నిలుస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ వాయువు ఆ పొరగుండా మెల్లగా జారిపోతుంది, అప్పుడు ఆ హంసయానము కాస్తా ఎడ్లబండి అవుతుంది. మందేమిటి? గోళాన్ని మర తిప్పి విప్పి, కొత్తది బిగించుటయే. నా పూర్వ విద్యార్థి ఒకడు ఫ్రాన్సులో ఉంటాడు, వానికి బీఎక్స్ అనే అదే తరహా పాత కారు ఉన్నది. గోళాలు తానే మార్చుకొంటాడట, ఆకుపచ్చని నూనె తానే పోస్తాడట. వానిని అక్కడ ఎవరూ తుక్కు తిప్పుతున్నావా అని అడుగరు.

అంతటి చిక్కు యంత్రాన్నే విప్పి బిగించుకొని నడుపుకొంటున్నారే, నా ఆంబాసిడరు వెనుక ఉన్నవి ఉట్టి కమాన్ కట్టలు! వాలిపోతే విప్పి, కొలిమిలో కాల్చి, వంపు తెప్పించి మళ్ళీ ఎక్కిస్తారు. ఇందులో రహస్యమేమీ లేదు. అయినా ఒక పెద్ద సర్వీసు కేంద్రానికి వెళ్ళి ఒక బుష్ అడిగితే, ఆ కుర్రవాడు తెర వైపు చూసి "ఈ మోడల్ కంప్యూటర్లో లేదండి" అన్నాడు. బయట నిలబడి ఉన్న కారును చూపించినాను. కంప్యూటర్లో లేనిది బయట ఎట్లా ఉంటుందన్నట్లు చూసినాడు.

ఒక విడ్డూరము చెప్పక తప్పదు. ఉత్తరపారాలో ఆంబాసిడరు తయారీ 2014 మేలో ఆగిపోయింది. 2017లో ఆ పేరును 80 కోట్లకు కొన్నది ప్యూజో సంస్థ, అంటే సిత్రోయెన్ ఆనాడు ఏ గూటిలో ఉన్నదో ఆ గూడే. అదే ఏడాది ఆ నూనె గోళాల వరుసలో చివరిదైన సీ5 తయారీ కూడ ఫ్రాన్సులో ముగిసింది.

పొగ మాట దాచను, నా పక్షానికి బలహీనమైన చోటు అదే. మన దేశములో పెట్రోలు కార్ల పొగకు తొలి హద్దులు 1991లో వచ్చినాయి. నా బండి అంతకు ముందుది. కిలోమీటరుకు లెక్క వేస్తే కొత్త కారే మేలు. నేను నెలకు రెండువందల కిలోమీటర్లు మించి నడపను. రోజూ టాక్సీగా తిప్పేవాడు నా వాదాన్ని అరువు తీసుకోరాదు.

అసలు బెంగ వేరే ఉన్నది. రాజమహేంద్రవరములో నా బండి చూసే మేస్త్రికి డెబ్బై దాటినాయి. బానెట్టు ఎత్తకుండానే, చప్పుడు విని "కుడివైపు కమాను అలిసిందండి" అని చెప్పగలడు. శిష్యుడు లేడు. కొడుకు సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకొన్నాడు, తప్పు పట్టను. విడిభాగము దొరకకపోతే పాత ఇనుప సామాను కొట్లలో వెదకవచ్చును. ఆ చెవి ఏ కొట్లో దొరుకుతుంది? పద్యము చెప్పే గురువు పోతే పుస్తకమైనా మిగులుతుంది. ఈయన ఏమీ వ్రాసి పెట్టుకోలేదు. నేను ఒక నోటుపుస్తకము తీసుకొని వెళ్ళి కూర్చోవడము మొదలుపెట్టినాను. "ఇవన్నీ రాసుకోడమెందుకండీ పంతులుగారూ" అని నవ్వుతాడు.

వచ్చే గురువారము కుడి కమాను విప్పుదామన్నాడు. మేనల్లుడిని కూడ రమ్మన్నాను. కట్ట దించేటప్పుడు పట్టుకొనుటకు ఒక చేయి తక్కువగా ఉన్నది.