హెలికాప్టర్ కొంటే పెద్దదే కొనాలి

తమ్ముళ్లూ, పూర్వ విద్యార్థుల చందాతో హాస్టల్‌కు రిమోట్ హెలికాప్టర్ కొందామంటే "పిల్లలకు చిన్నది చాలదా?" అన్నారు కొందరు. చాలదనే మేమంటాం. అరచేతిలో పట్టే బొమ్మ గదిలో బాగానే ఎగురుతుంది, గ్రౌండ్‌లో సాయంత్రం గాలికి కొట్టుకుపోతుంది. 450 సైజుదైతే తిరిగే రెక్కల వ్యాసం సుమారు 70 సెంటీమీటర్లు. రెక్కల వాలు మార్చుకుంటూ గాలికి నిలుస్తుంది, దూరాన ఉన్నా ఏ వైపు తిరిగిందో కనిపిస్తుంది.

అయితే ఆ రెక్క కత్తితో సమానం. నిమిషానికి 2500 చుట్లు తిరిగితే దాని కొస వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. చుట్టూ మూగొద్దు. డబ్బులో కొంత స్పేర్ రెక్కలకు, ముందుగా కంప్యూటర్‌పై నేర్చుకునే సిమ్యులేటర్‌కు ఉంచాలి.

మా ఇళ్లలో మొదటి డిగ్రీలు మావే. పాడవుతుందని ల్యాబులో పరికరం ముట్టనివ్వని రోజులు చూశాం. ఇదీ కూలుతుంది. తొమ్మిదో తరగతి వాళ్లే విప్పి బిగించాలి. బీరువాలో పెట్టి తాళం వేస్తే ఒప్పుకోం.