కోసిన పన్ను అడిగితేనే తిరిగి వస్తుంది

షోలాపూర్, భీవండిలలో సాంచాల మీద బ్రతుకుతున్న మన కుటుంబాల పిల్లలు చాలామంది పూణె, ముంబయి కాలేజీల్లో చదువుతూనే ఏదో ఒక ఆఫీసులో పనికి కుదురుతున్నారు. పరీక్షలు రాగానే మానేస్తారు, అయ్యాక మరో కంపెనీ చూసుకుంటారు. చేతికొచ్చే డబ్బు ఒప్పుకున్నదానికన్నా తగ్గితే "టి.డి.ఎస్. పోయింది" అని సరిపెట్టుకుంటున్నారు. కార్మిక సోదర సోదరీమణులారా, ఆ డబ్బు మన బిడ్డల కూలి. దాన్ని వదులుకోవలసిన పని లేదు.

ఈ కోత ఎలా పడుతుందో ముందు తెలుసుకుందాం. చాలా కంపెనీలు ఈ పిల్లలను జీతాల పట్టీలో చేర్చవు, ఇచ్చే డబ్బును ప్రొఫెషనల్ ఫీజుగా రాసుకుంటాయి. 2025-26 సంవత్సరంలో అలాంటి ఫీజు ఒక కంపెనీ నుంచి 50,000 రూపాయలు దాటితే సాధారణంగా నూటికి 10 చొప్పున కోసి ప్రభుత్వానికి కట్టాలి. పాన్ నంబరు ఇవ్వకపోతే కోత నూటికి 20 అవుతుంది.

ఒక విద్యార్థి నెలకు 15,000 చొప్పున ఆరు నెలలు ఒకచోట, 18,000 చొప్పున నాలుగు నెలలు మరొకచోట పనిచేశాడనుకుందాం. మొత్తం సంపాదన 1,62,000. రెండుచోట్లా కలిపి కోత 16,200. ఆ సంవత్సరానికి కొత్త పద్ధతిలో 4 లక్షల వరకు అసలు పన్నే లేదు. అంటే కోసిన ప్రతి రూపాయీ తిరిగి రావలసిందే. మొదటి కంపెనీకి రెండో కంపెనీ లెక్క తెలియదు, రెండోదానికి మొదటిది తెలియదు. ఏడాది మొత్తం లెక్క చూపించేది రిటర్ను ఒక్కటే. అది వేయనివారికి పైసా రాదు.

చేయవలసిన పనులు ఇవి. పని మానేటప్పుడు ప్రతి కంపెనీ నుంచి టి.డి.ఎస్. సర్టిఫికెట్ అడగాలి. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులో మన పాన్ పేరిట ఆ కోత జమ అయిందో లేదో చూసుకోవాలి. జమ కాకపోతే కంపెనీని రాతపూర్వకంగా నిలదీయాలి. మన దగ్గర కోసిన పన్నును వారు కట్టకపోతే, దాన్ని మళ్ళీ మననుంచి వసూలు చేయకూడదని చట్టమే చెబుతోంది. పాన్‌కు ఆధార్ లింకు అయి ఉండాలి, బ్యాంకు ఖాతా ఆ వెబ్‌సైటులో ధ్రువీకరించి ఉండాలి. ఈ రెండూ లేకపోతే రిఫండు ఆగిపోతుంది. రిటర్ను వేశాక 30 రోజుల్లో దాన్ని వెరిఫై చేయడం మరచిపోకూడదు.

గడువులోగా వేస్తే మంచిది. దాటినా, ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే డిసెంబరు 31 వరకు వేయవచ్చు. అదీ దాటిన పాత రిఫండులకు ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకునే వీలుంది. 2024 అక్టోబరు సర్క్యులర్ ప్రకారం దానికి అయిదేళ్ల పరిమితి ఉంది.

ఒక హెచ్చరిక. వచ్చేదానికన్నా ఎక్కువ ఇప్పిస్తామని దొంగ రసీదులు చూపించి కమీషను కొట్టే ఏజెంట్లు తిరుగుతున్నారు. రిటర్నులో అబద్ధం రాస్తే తప్పించిన పన్నుకు రెండింతల జరిమానా పడవచ్చు. దాన్ని కట్టేది రిటర్ను వేసినవారే, ఏజెంటు కాదు. ప్రభుత్వ వెబ్‌సైటులో రిటర్ను వేయడానికి రుసుము లేదు.

మూతబడిన మిల్లుల్లో గ్రాట్యుటీకీ, ప్రావిడెంటు ఫండుకూ కాగితాలు పట్టుకుని తిరిగినవాళ్ళం మనం. కాగితం లేనివాడి హక్కును ఎవరూ లెక్కచేయరని మనకు వేరే చెప్పనక్కరలేదు. మన పిల్లలు చదువులో మనకంటే ముందున్నా, ఈ పాఠం వారికి కాలేజీలో చెప్పరు. ఈసారి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు "కోత ఎంత పడింది, రిటర్ను వేశావా?" అని అడగండి. వేయకపోతే కాగితాలతో సహా సంఘ కార్యాలయానికి పంపండి. దగ్గర కూర్చుని వేయిద్దాం.