సముద్రంలో రాతి కంబం

పిల్లలూ! పటం తెరిచి ఆస్ట్రేలియాకు దిగువన చూడండి. టాస్మేనియా అనే ద్వీపం కనపడుతుంది. 2024 మార్చిలో, అక్కడ హోబర్ట్ నగరంలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. ఒక ఆదివారం పదకొండుగురం కలిసి కేప్ హోయ్ అనే కొండకొమ్ముకు నడిచిపోయాము. విశాఖపట్నంలో డాల్ఫిన్ నోస్ చూచినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఇదీ అలాగే సముద్రంలోకి ముక్కు పొడుచుకువచ్చిన కొండ. పోయి రావటానికి నాలుగు గంటలని చెప్పారు.

మొదట దారి అడవిలో పోతుంది. అన్నీ మన జామాయిల్ చెట్టుకు అన్నదమ్ములే! ఆకు నలిపితే నీలగిరి తైలం వాసన. మనం నాటుకునే జామాయిల్ ఆస్ట్రేలియానుండి వచ్చినదే మరి.

అడవి దాటాక రాతిమెట్లు. దిగటం, ఎక్కటం, మళ్ళీ దిగటం. నా మోకాళ్ళు మొరాయించాయి.

"మీరు వెళ్ళిరండి, నేనిక్కడ కూర్చుంటాను," అన్నాను.

ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు ఒప్పుకోలేదు. "తాతయ్యా, నువ్వు అందరికంటె ముందు నడువు. నీ వెనకే మేమందరం వస్తాం. మా బడిలో ఇదే పద్ధతి," అన్నది.

నాకు సిగ్గువేసింది. ఎందుకంటారా? ముప్ఫయి ఏళ్ళ క్రిందట పిల్లలను ఒక కొండకు తీసుకుపోయి, గట్టివాళ్ళను ముందు నడిపించాను. పైకి చేరి లెక్కపెడితే ఒకడు తక్కువ! గంటసేపు వెతికాము. చెప్పు తెగి, ఒక బండ చాటున కూర్చుని ఏడుస్తున్నాడు. "కేక వేశాను మాస్టారూ, ఎవరికీ వినపడలేదు," అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉన్నది.

సరే, ముందు నడిచాను. కొమ్ము చివరకు చేరాము. గాలి ఈడ్చి కొడుతున్నది. అంచుకు నాలుగు బారల ఇవతలే ఆగి చూశాము. కొండంతా నిలువు కంబాలు! ఎవరో చెక్కి పేర్చినట్టున్నది.

వేసవిలో చెరువు ఎండితే బురద కుంచించుకుపోయి, నెర్రెలు విచ్చి, బిళ్ళలు బిళ్ళలుగా పగులుతుంది కదా? సుమారు 18 కోట్ల సంవత్సరాల నాడు ఇక్కడ కరిగిన రాయి భూమిపొరల మధ్యకు చొచ్చుకువచ్చి, మెల్లగా చల్లారుతూ అలాగే పగిలింది. పగుళ్ళు లోతుకు దిగటంవల్ల బిళ్ళలకు బదులు కంబాలు ఏర్పడినవి. పైపొరలు అరిగిపోయాక, సముద్రం ఆ పగుళ్ళవెంట ఉలి పెట్టింది. ఈ రాతిని డోలరైటు అంటారు. ఇటువంటి రాయే అంటార్కిటికాలోనూ ఉన్నది! ఆ కాలాన అంటార్కిటికా, ఆస్ట్రేలియా, మన దేశం ఒకే మహాఖండంలో కలిసి ఉండేవి. దానిని గోండ్వానా అంటారు. మన ఆదిలాబాద్ అడవులలో కూడా ఉన్న గోండుల పేరునుండి వచ్చినదే ఆ మాట.

కొండనుండి విడిగా, నీళ్ళ మధ్య ఒక కంబం నిలబడి ఉన్నది. పేరు టోటెమ్ పోల్. ఎత్తు 65 మీటర్లు, మొదలు వెడల్పు 4 మీటర్లే! మూడు తాటిచెట్లు ఒకదానిపై ఒకటి నిలిపినట్టు. 1968లోనే దానిని ఎక్కినవారున్నారు. నాకు ఆ రాతిమెట్లే చాలు.

పొద్దు వాలేలోగా తిరిగివచ్చాము. మా మనవరాలు తలలు లెక్కపెట్టింది. పదకొండు. నేను కూడా చాటుగా లెక్కపెట్టుకున్నాను.