ప్రాజెక్టు పోయినది, లెక్క పోకూడదు



2025లో అమెరికా ప్రభుత్వము యుఎస్‌ఎయిడ్ అను తన విదేశ సహాయ సంస్థను మూసివేసినది. ఆ ఏడాదే బ్రిటన్, జాతీయాదాయములో 0.5 శాతముగా నున్న తన సహాయమును 2027 నాటికి 0.3 శాతమునకు తగ్గించెదనని ప్రకటించినది. బయటి ధనము బీద దేశములకు మేలు చేసినదా, లేక చేయి చాచుట నేర్పినదా అని పెద్ద సభలలో వాదము జరుగుచున్నది. ఈ వాదములో సాక్ష్యము చెప్పదగిన అనుభవము కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల మెట్టరైతులకు కావలసినంత ఉన్నది.

బయటి పెట్టుబడి మనకు క్రొత్త కాదు. కర్నూలు-కడప కాలువను 1860 ప్రాంతములలో త్రవ్వించినది ఇంగ్లండులో మూలధనము కూర్చుకొన్న ఒక కంపెనీ. రైతుకు నీరు అమ్మి లాభము గడింపవచ్చునని వారి అంచనా. కాని నల్లరేగడిలో వాన పదునుకే పైరు పండించుకొను రైతు వారనుకొన్నంత నీరు కొనలేదు. తుదకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనవలసివచ్చినది. కాలువ మంచిదే, నేటికిని రెండు లక్షల ఎకరాలకు పైగా అదియే ఆధారము. లెక్క మాత్రము రైతును అడిగి వేసినది కాదు.

రెండవ అనుభవము దీనికి భిన్నమైనది. నెదర్లాండ్స్ ధనముతో 2003లో ‘రైతుల యాజమాన్యములో భూగర్భజల వ్యవస్థలు’ అను ప్రాజెక్టు ఏడు కరవు జిల్లాలలో మొదలైనది. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాలు వానిలోనివే. ఆ ఏడాదే భారత ప్రభుత్వము చిన్న దేశముల నుండి నేరుగా సహాయము తీసికొనుట విరమించినది. తరువాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆ ప్రాజెక్టును నడిపినది. నంద్యాలకు చెందిన బర్డ్స్ అను స్వచ్ఛంద సంస్థ గ్రామములలో ముందుండి పనిచేసినది.

ఈ ప్రాజెక్టు రైతులకు రొక్కము పంచలేదు. వర్షమాపకమును చదువుట, బోర్లలో నీటిమట్టమును కొలుచుట, రబీకి ముందు గ్రామమంతటి పంటలకు కావలసిన నీటిని, ఉన్న నీటిని ప్రక్కప్రక్కన వ్రాసి చూచుట నేర్పినది. ఏ పంటను నిషేధింపలేదు. ఎవరి నిర్ణయము వారిదే. ప్రపంచ బ్యాంకు 2010లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, ఆ జలప్రాంతములలో 42 శాతము రబీలో నీటి తోడకమును వరుసగా తగ్గించుకొన్నవి. 51 శాతము కొన్ని ఏండ్లు తగ్గించినవి. పెరిగినవి 7 శాతమే.

అయితే ప్రాజెక్టు ముగిసిన తరువాత అనేక గ్రామములలో కొలతలు నిలిచిపోయినవి. నిరుడు డోన్ ప్రాంతములో ఒక పెద్దాయన మాసిపోయిన గోడవ్రాతను నాకు చూపి, “సారూ, దుడ్లిచ్చిన ప్రాజెక్టులన్నీ మరిచిపోయినాము. ఇది దుడ్లియ్యలే, లెక్క నేర్పింది. ఇప్పుడు ఆ లెక్క రాసేటోళ్లే లేరు. మీరు రాయిస్తారా?” అని అడిగినాడు. నా వద్ద జవాబు లేకపోయినది. నా డైరీలో ఎన్ని ప్రదర్శనా క్షేత్రములు వేసితిమో, ఎన్ని సమావేశములు జరిపితిమో వ్రాయుటకు గడులున్నవి. ఏ గ్రామములో నీరు ఎన్ని అడుగులు దిగినదో వ్రాయుటకు గడి లేదు.

ఆ లెక్క ఎంత అవసరమో చూడుడు. ఒక ఎకరముపై ఒక మిల్లీమీటరు నీరు అనగా సుమారు 4,000 లీటర్లు. ఏటా 600 మిల్లీమీటర్ల వాన కురియు గ్రామములో, రాతినేలలో పదవవంతు మాత్రమే లోనికి ఇంకుననుకొందము. అది 60 మిల్లీమీటర్లు. బోరు క్రింద వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావలెను. అనగా ఒక ఎకరము వరి, ఇరువది ఎకరములలో ఇంకిన నీటిని త్రాగును. మడి నుండి తిరిగి ఇంకునది కొంత తీసివేసినను భారము భారమే. రబీ వేరుసెనగకు సుమారు 500 మిల్లీమీటర్లు చాలును. శనగకు అంతకన్న తక్కువ.

“నేను వరి మానితే ప్రక్కవాడు తోడుకొనును గదా” అని మీరందురు. న్యాయమైన మాటే. అందుకే ఈ లెక్క ఒక రైతు ఇంటిలో కాక ఊరందరి కంటికి కనబడునట్లు ఉండవలెను. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రతి బోరు వద్ద కావలి కాయజాలదు. 2004 నుండి పంపుసెట్టుకు కరెంటు ఉచితము కావచ్చును. నీరు ఉచితము కాదు. ఎండిన బోరు ప్రక్కన రెండవ బోరు వేయించిన ప్రతి రైతు దాని ధర చెల్లించినవాడే.

బయటి సహాయము వృథా అనువారితో నేను ఏకీభవింపను. ఇంకొక ప్రాజెక్టు వచ్చినగాని పని జరుగదనువారితోను ఏకీభవింపను. 2019 డిసెంబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన 6,000 కోట్ల రూపాయల అటల్ భూజల్ యోజనలో గ్రామ నీటి లెక్కయే ముఖ్యాంగము. దానికి ఎంపికైన ఏడు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ లేదు. అయినను ఆ విద్య మన రైతులకు అంతకు ముందే తెలిసినది. దానికి కావలసిన ధనము స్వల్పము, లోపించినది బాధ్యత.

నా సూచన ఇది. ప్రతి గ్రామములో ఒక వర్షమాపకము ఉండవలెను. రెండు మూడు బోర్లను గుర్తించి, పక్షమునకొకసారి తెల్లవారుజామున మోటారు వేయక ముందే నీటిమట్టము కొలువవలెను. పంటల విస్తీర్ణము ఈ-పంటలో ఎటులను నమోదగుచున్నది. రబీ విత్తనమునకు ముందు గ్రామ వ్యవసాయ సహాయకుడు ఈ మూడింటిని కలిపి గ్రామ సభలో చదివి, రైతు సేవా కేంద్రము గోడపై వ్రాయించవలెను. మా శాఖ డైరీలో అందుకొక గడి చేర్చవలెను.

గ్రామోద్యోగులారా! పూర్వము కరణము అడంగలు వ్రాయుటకు ఏ విదేశము నుండియు ధనము రాలేదు. భూమికి లెక్క వ్రాసుకొన్న ఊరు నీటికి లెక్క వ్రాసుకొనలేదా? రానున్న రబీకి ముందు ఆ పెద్దాయన ఊరిలో గోడకు సున్నము వేయించి, మొదటి అంకె నేనే దగ్గరుండి వ్రాయించెదను. రెండవ అంకె ఆ ఊరివారే వ్రాయవలెను.