మోత వినబడుతుంది, మాట వినబడదు

ప్రశ్న: మా మామగారు భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టాం. మాటలు తెలియడం లేదని సౌండు పెంచమంటారు. పెంచితే పిల్లలు చెవులు మూసుకుంటారు. తగ్గిస్తే ఆయన అలిగి అరుగు మీద కూర్చుంటారు. ఏం చేయాలి?
— ఒక గృహిణి, జనగామ

జవాబు: ముందు యంత్రం సంగతి. సినిమాలో సంభాషణలు ఎక్కువగా మధ్య స్పీకరులోంచే వస్తాయి. దాన్ని టి.వి. కింద, కూర్చున్నవారి ముఖంవైపు తిప్పి పెట్టి, 2, 3 డెసిబెల్స్ పెంచండి. సబ్ వూఫర్ తగ్గించండి. అది గది మూల ఉంటే మోత ఎక్కువవుతుంది, ఇవతలికి జరపండి.

ఇక పెద్దాయన చెవి సంగతి. ఏళ్ళ తరబడి యంత్రాల రొద వింటే లోపలి చెవిలోని సున్నితమైన కణాలు దెబ్బతింటాయి. వయసూ తోడవుతుంది. ముందుగా పోయేది సన్నని, కీచు ధ్వనులు. స, త, క వంటి హల్లుల స్పష్టత వాటిమీదే ఆధారపడుతుంది. అందుకే మోత వినబడుతుంది, మాట తెలియదు. పోయిన కణాలు తిరిగి రావు.

పాటలు వినే పరికరాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు వారానికి 40 గంటలు: పెద్దలకు 80, పిల్లలకు 75 డెసిబెల్స్. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ గడువు సగమవుతుంది.

చెవి డాక్టరుకు చూపించండి. గులిమి ఉంటే తీసి, ఆడియోమెట్రీ చేస్తారు. చెవిలో నూనె పోయకండి. హఠాత్తుగా ఒక చెవి వినబడకపోతే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. వినికిడి యంత్రం అవసరమైతే నామోషీ వద్దు, అదీ కళ్ళజోడులాంటిదే. ఆయన అలిగేది మీమీద కాదు, అందని మాటమీద.